మంచి గిటార్‌కి రోడ్డు పడుతుందా?

నా గిటార్ ముందు పలక మీద ఒక చీలిక ఉంది. బ్రిడ్జ్ (తీగలు కట్టే చెక్క దిమ్మ) పక్కన మొదలై చెక్క ఈనె వెంట కింది అంచు దాకా, జానెడు పొడవు. ఇప్పుడు అతికించి ఉంది కాబట్టి చూసేవాళ్ళకి వెంట్రుక పడిందేమో అనిపిస్తుంది. గోరు అడ్డంగా లాగితే మాత్రం దొరికిపోతుంది.

విమానంలో ఎవరో విసిరేస్తే వచ్చింది కాదది. నేను తెచ్చుకున్నదే. ఓ మే నెలలో కర్నూలులో మా ఆర్కెస్ట్రాతో రెండు రోజుల ప్రోగ్రామ్ చేసి విజయవాడ తిరిగొస్తూ, మధ్యాహ్నం మార్కాపురం దగ్గర భోజనానికి ఆగాం. కీబోర్డులు, ప్యాడ్లు, డోలక్ అన్నీ టెంపో ట్రావెలర్ టాప్ మీద టార్పాలిన్ కింద కట్టేశారు. నా గిటార్ ఒక్కటే లోపల, వెనక సీటులో, అద్దం పక్కన. పైన వేస్తే దెబ్బ తగులుతుందని నేనే పట్టుబట్టి లోపల పెట్టించాను. తలుపులు బిగించి తాళం కూడా వేయించాను, దొంగల భయంతో. గంటంబావు తర్వాత తిరిగొచ్చేసరికి ఆ బండి లోపల ఆవకాయ ముక్కలు ఎండబెట్టుకోవచ్చు. ఇంటికొచ్చి కేస్ తెరిస్తే ఇదీ సంగతి.

మా కీబోర్డు బాబాయి చూసి పెద్దగా ఏమీ అనలేదు. "లక్షా నలభై వేల దాన్ని కర్నూలు ఎండకి ఎవడు తీసుకురమ్మన్నాడ్రా నిన్ను?" అని మాత్రం అడిగాడు. దానికి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఏడేళ్ళయింది. ఆలోచించుకోవడానికి చాలినంత టైమే.

ముందు చెక్క సంగతి. అకూస్టిక్ గిటార్‌లో, అంటే డొల్ల ఒంటి గిటార్‌లో, పాడేదంతా ఆ ముందు పలకే. దాని మందం 3 మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఆరు స్టీలు తీగలు శ్రుతిలో ఉన్నప్పుడు కలిసి 70 కిలోలకు పైగా లాగుతుంటాయి. ఓ మోస్తరు మనిషి రాత్రింబగళ్ళు అట్ట మీద నిలబడ్డట్టు. పేరున్న కంపెనీలు ఈ పలకల్ని తేమ 45–50 శాతం దగ్గర ఉండే గదుల్లో తయారుచేస్తాయి. విజయవాడలో చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, కర్నూలు వేసవిలో అదే చెక్క బిగుసుకుపోతుంది. ఉబ్బినప్పుడు పొట్ట లేచి తీగలు ఎత్తుకు పోతాయి, వేళ్ళు నొప్పెడతాయి. అంతవరకూ పరవాలేదు. ఎండినప్పుడు పలక కుదించుకుందామంటే చుట్టూ జిగురుతో బిగించిన అంచు కదలనివ్వదు. ఇంకెక్కడికి పోతుంది, ఈనె వెంట విడిపోతుంది. మూసిన బండిలో ఎండ బాగా ముదిరితే జిగురు కూడా మెత్తబడి బ్రిడ్జే పైకి లేస్తుంది. నాది అంతవరకూ రాలేదు. అదృష్టమే అనాలి.

ఎలక్ట్రిక్ గిటార్‌కి ఈ బాధ తక్కువ, దాని బాధ మెడ దగ్గర. గిబ్సన్ లెస్ పాల్ చూడండి. తల భాగం వెనక్కి వాలి ఉంటుంది, పాత లెక్క ప్రకారం 17 డిగ్రీలు. మెడ మహోగని. తల వెనక్కి తిరిగే చోట ఈనె అడ్డంగా తెగుతుంది. మెడ లోపలి ఇనుప కడ్డీ (ట్రస్ రాడ్) నట్టు కోసం సరిగ్గా అక్కడే లోపల తొలిచి కూడా ఉంటారు. కేస్‌లో ఉండగా వెల్లకిలా పడినా చాలు, శ్రుతి చేసే కీల బరువుకి తల ఒక్క ఊపు ఊగి అక్కడే విరుగుతుంది. కేస్‌కి గీత కూడా పడదు. దీనికి పూర్తి విరుగుడు 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్. తల వాలు లేదు, మెడ మేపుల్, ఒంటికి నాలుగు స్క్రూలతో బిగింపు. లియో ఫెండర్ రేడియోలు బాగుచేసుకునే మనిషి, ఆయనకి గిటార్ వాయించడం రాదు. అందుకేనేమో, విప్పి మార్చుకోవచ్చు అన్న ఆలోచనతోనే గిటార్‌ని చూశాడు. రోడ్డు మీద తిరిగేవాడికి అంతకంటే ఏం కావాలి?

మన పాలకొల్లు నుంచి వెళ్ళిన మాండలిన్ శ్రీనివాస్ కూడా డొల్ల ఒంటి మాండలిన్ వదిలి, ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకునే లోకమంతా తిరిగాడు. ఆయన దాన్ని ఎంచుకున్నది గమకాల కోసం, నాదం నిలవడం కోసం. సామాను భద్రత కోసం కాదు. అయినా ఎండకి చీలే పలక లేని వాయిద్యం చేతిలో ఉండటం ప్రయాణాల మనిషికి చిన్న సుఖం కాదు. వీణ వాళ్ళకి ఆ సుఖం లేదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస మొద్దులోంచి తొలిచే ఏకాండి వీణని మడత పెట్టేదెలా? పైగా వీణ మెట్లు కూర్చేది మైనంలో. నా మార్కాపురం బండిలో వీణ ఉండి ఉంటే మెట్లన్నీ జారి ఓ పక్కకి చేరేవి. ఘటం విద్వాంసులనైతే తలుచుకోవడమే మానేశాను, వాళ్ళు తీసుకెళ్ళేది మట్టి కుండ.

సరే, చెక్కకి అపాయం ఉంది. దానికి ప్రతిఫలం ఏమిటన్నది అసలు ప్రశ్న.

మంచి అకూస్టిక్ గిటార్ ధరలో సగం దాని గొంతుదే. గదిలో కూర్చుని ఒక తీగ మీటితే వెనక పలక నుంచి వచ్చే ఆ కింది గాంభీర్యం, ఆ తర్వాత గాలిలో మిగిలే తీపి. ఆ వెనక పలక చాలా గిటార్లకి మన జిట్రేగి (రోజ్‌వుడ్) చెక్కే. దక్షిణాది అడవుల్లోంచి అమెరికా వెళ్ళి, గిటారై, పది రెట్ల ధరతో మన దగ్గరకే వస్తుంది. ఇంటల్లుడు మర్యాద. ఇంత చేసి దాన్ని స్టేజీ ఎక్కించాక ఏం జరుగుతుందంటే, బ్రిడ్జ్ కింద ఉన్న పియెజో పికప్ తీగల అదురుని పట్టుకుని వైరులో పంపిస్తుంది. సౌండ్ అబ్బాయి మొదటి పనిగా కింది బేస్ కోసేస్తాడు, లేకపోతే స్టేజీ మీది మానిటర్ స్పీకరు హోరెత్తుతుంది. పక్కన కీబోర్డు, ప్యాడ్లు, డోలక్, బేస్ గిటార్, ఆ పైన కోరస్. వీటన్నిటి మధ్య నా గిటార్‌కి మిగిలే చోటు పైన "చిక్ చిక్" అనే సన్నటి అంచు. జనానికి వినిపించేది అదొక్కటే. నేను డబ్బు పోసి కొన్న గాంభీర్యాన్ని మొదట కోసేసేది మా మిక్సరే. ఆ అబ్బాయి తప్పు కాదు, నేనక్కడ ఉన్నా అదే చేస్తాను.

ఇంక భయం. దీని గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడరు. మన ప్రోగ్రాముల్లో సన్మానం అనే ఘట్టం ఒకటుంటుంది. ఎనిమిదో పాట అవగానే యాంకర్ మైకు తీసుకుని పెద్దల్ని వేదిక మీదకి ఆహ్వానిస్తుంది. పెద్దలు ఐదుగురు, వాళ్ళ వెనక అనుచరులు ముప్పై మంది, శాలువాలు, గజమాల, ఫొటోగ్రాఫర్లు, వీళ్ళందరి మధ్యా దూరే పిల్లలు. మనం వాయిద్యాలు వదిలేసి ఓ పక్కకి జరగాలి. కర్నూలులో ఆ ఇరవై నిమిషాలూ నేను స్టాండ్ ముందు చేతులు చాచి నిలబడ్డాను, కబడ్డీ ఆడేవాడిలా. తర్వాత మొదలైన పాటలో నా వాయింపు ఎలా ఉందో నాకే గుర్తు లేదు. పాట వాయిస్తున్నంతసేపూ కళ్ళు స్టేజీ మీద వైర్ల మీదే, ఎవరి కాలికి ఏది తగులుతుందో అని. ఆ రెండు రోజులూ మంచి గిటార్‌తో నేను చేసింది కాపలా. వాయించింది తక్కువ.

ఇక్కడిదాకా చదివి, ఇదీ మామూలు సలహాకే వెళ్తోంది, మంచిది ఇంట్లో పెట్టి చవకది తీసుకెళ్ళమంటాడు అనుకుంటున్నారు కదా. నేనూ అదే చేశాను. చీలిక తర్వాత సీజనంతా రూ.9,000 గిటార్‌తో తిరిగాను. ఆ సలహా ఇచ్చేవాళ్ళు ఎవరూ ఏలూరులో ఆ రాత్రి నాతో లేరు. ఇళయరాజా పాటలు ఎన్నో గిటార్ ముక్కతోనే మొదలవుతాయి, అక్కడ దాక్కోవడానికి ఇంకో వాయిద్యం ఉండదు. అలాంటి పాట ఒకటి. మూడో ఫ్రెట్ (మెట్టు) మీద క్యాపో, అదే తీగలన్నిటినీ నొక్కిపట్టే బిగింపు, వేశాను, శ్రుతి సరిచూసుకున్నాను, మొదలుపెట్టాను. రెండో బారులోనే మూడో తీగ కీ జారింది. పై ఫ్రెట్లకి వెళ్ళేకొద్దీ అసలే అపస్వరం, దానికి ఇది తోడు. పాడే అమ్మాయి తల తిప్పి నా వంక చూసింది. కోపంగా కాదు, "ఇప్పుడు నేను ఎక్కడ అందుకోవాలి అన్నయ్యా" అన్నట్టు. ఆ చూపు ముందు లక్షన్నర పెద్ద మొత్తం కాదు.

చవకదానికీ భయం ఉంటుందని అప్పుడు తెలిసింది. ఒకటి పోతుందేమోనన్న భయం, ఇంకోటి పరువు తీస్తుందేమోనన్న భయం. రెండూ చేతుల్ని ఒకేలా బిగిస్తాయి.

ఈ చర్చ రాగానే ఎవరో ఒకరు పెద్దవాళ్ళ పేర్లు తీస్తారు. మెటాలికా బ్యాండ్ గిటారిస్టు కిర్క్ హామెట్ 1959 నాటి లెస్ పాల్‌ని, ముందు పీటర్ గ్రీన్, తర్వాత గ్యారీ మూర్ అనే గిటారిస్టుల దగ్గర ఉన్న "గ్రీనీ"ని, 2014లో కొని ఊరూరా స్టేజీ మీద వాయిస్తున్నాడు, మీకేంటి అంటారు. ఆయనకి గిటార్‌ని చూసుకోవడానికే జీతమిచ్చి పెట్టుకున్న మనుషులున్నారు. నా గిటార్ టెక్, మోసేవాడు, ఇన్సూరెన్సు, అన్నీ నేనే. ఆయన పోలిక నాకు కుదరదు. కానీ ఆ పెద్దవాళ్ళ కథల్లో నన్ను నిజంగా పట్టుకున్నది వేరే ఉంది. వాళ్ళ గిటార్లలో చాలావరకు ఖరీదైనవి కాబట్టి రోడ్డెక్కలేదు. రోడ్డెక్కాకే ఖరీదయ్యాయి.

అమెరికా కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ గిటార్ "ట్రిగర్" ఉంది కదా, నైలాన్ తీగల మార్టిన్ కంపెనీ ఎన్-20. 1969లో అంతకుముందున్న గిటార్‌ని ఎవడో తాగి తొక్కేస్తే, నాష్‌విల్‌లో ఓ షాపు నుంచి చూడకుండానే 750 డాలర్లకి తెప్పించుకున్నాడు. అప్పటికి అది షాపులో దొరికే సరుకే. అసలు ఆ రకం గిటార్‌ని వేళ్ళతో వాయించాలి, పిక్‌తో కాదు. ఆయన పిక్‌తో, వేళ్ళతో దశాబ్దాలపాటు గీకి గీకి ముందు పలకకి పెద్ద బొక్కే పడింది. ఆ బొక్కతోనే ఇప్పటికీ తిరుగుతోంది. ఇల్లు తగలబడుతున్నప్పుడు లోపలికి పరిగెత్తి దాన్ని బయటకి తెచ్చుకున్నాడు. 750 డాలర్ల కోసం ఎవరూ మంటల్లోకి దూకరు.

ఇంగ్లాండు గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ "బ్లాకీ" ఇంకా చిత్రం. 1970లో అదే నాష్‌విల్‌లో పాత స్ట్రాటోకాస్టర్లు అరడజను చవగ్గా కొని, మూడు స్నేహితులకి పంచి, మిగిలిన మూడింటిలో బాగున్న ముక్కలు ఏరి ఒకటిగా బిగించుకున్నాడు. మన ఊళ్ళో సైకిల్ షాపువాడు చేసే పని. 1985 దాకా దాంతోనే స్టేజీలెక్కాడు. 2004లో అది వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. ఐర్లండ్ గిటారిస్టు రోరీ గ్యాలహర్ స్ట్రాటోకాస్టర్ అయితే 1963లో కార్క్‌లో 100 పౌండ్లకి కొన్న సెకండ్ హ్యాండ్‌ది. మధ్యలో దొంగలు ఎత్తుకుపోయి వర్షంలో గుంటలో పారేశారు, మళ్ళీ దొరికింది. చెమటకి రంగంతా లేచిపోయి మోడు చెక్కలా మిగిలింది. ఆ రంగుపోయిన చెక్కకే 2024 వేలంలో 8,89,400 పౌండ్లు ఇచ్చారు.

బ్లూస్ గాయకుడు బి.బి.కింగ్ మాత్రం వీళ్ళందరికంటే తెలివైనవాడు. 1949లో ఆర్కన్సాలో ట్విస్ట్ అనే చిన్న ఊళ్ళో హాలు అంటుకుంటే తన 30 డాలర్ల గిటార్ కోసం లోపలికి వెళ్ళి చావు తప్పించుకుని వచ్చాడు. ఆ మంటకి కారణం ఒక అమ్మాయి గురించి కొట్టుకుని కిరోసిన్ పీపా తన్నిన ఇద్దరు మగాళ్ళని తెలిసి, ఆ అమ్మాయి పేరు లుసీల్ అని గిటార్‌కి పెట్టుకున్నాడు, ఇంకెప్పుడూ అలాంటి వెర్రి పని చేయకూడదని గుర్తుండటానికి. తర్వాత ఎన్ని గిటార్లు మారినా అన్నీ లుసీలే. చెక్క పోయినా పేరు నిలుస్తుంది. ఇంకో గిటార్ తెచ్చి మళ్ళీ లుసీల్ అంటాడు, అంతే.

ఇంగ్లాండు గిటారిస్టు పీటర్ ఫ్రాంప్టన్‌కి ఆ తెలివి పనికిరాలేదు. 1954 లెస్ పాల్ ఆయనది, 1980 నవంబరులో వెనిజులాలో సామాను విమానం కూలి అందులో పోయిందనే అనుకున్నాడు. 31 ఏళ్ళ తర్వాత, 2011లో, కాలిన మచ్చలతో తిరిగి చేతికొచ్చింది. దాన్ని అద్దాల పెట్టెలో పెడతాడని అనుకుంటాం కదా. బాగుచేయించి మళ్ళీ స్టేజీ ఎక్కించాడు. ఈ కథ ఎన్నిసార్లు తలుచుకున్నా నేను ఒక నిర్ణయానికి రాలేను. వెర్రి అంటే వెర్రే. కానీ నేనైనా అదే చేసేవాణ్ణి.

విమానాల గొడవ కొంచెం చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే ఇక్కడ వాదించడానికి ఏమీ లేదు. రెండేళ్ళకోసారి అమెరికాలో తెలుగు సంఘాల మహాసభలకి ఆర్కెస్ట్రాలు వెళ్తుంటాయి, నేనూ రెండుసార్లు వెళ్ళాను. ఇక్కడ దేశంలో క్యాబిన్ బ్యాగు అంటే చాలా విమానాల్లో 7 కిలోలు, 55 సెంటీమీటర్ల పొడవు. గిటార్ మీటరు ఉంటుంది. కాబట్టి కౌంటర్లో ఉన్నవాళ్ళ దయ. అమెరికాలో 2012 చట్టం, 2015 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, ఎక్కేటప్పటికి పైన అరలో చోటుంటే గిటార్ పెట్టుకోనివ్వాలి. చోటుంటే అన్నదే తిరకాసు. డేవ్ క్యారోల్ అనే కెనడా గాయకుడి టేలర్ గిటార్ 2008లో షికాగోలో సామాను ఎత్తేవాళ్ళ చేతుల్లో విరిగింది. పరిహారం కోసం తొమ్మిది నెలలు తిరిగి, విసిగి, ఆ విమాన సంస్థ మీద పాట కట్టి 2009 జూలైలో యూట్యూబ్‌లో పెట్టాడు. లోకమంతా నవ్వింది. బాగుచేయించడానికి అయిన 1,200 డాలర్లు మాత్రం ముందు ఆయన జేబులోంచే పోయాయి. పాట హిట్టవుతుందన్న నమ్మకంతో గిటార్‌ని లగేజీలో వేయలేం కదా.

జిట్రేగి గురించి ఒక్క మాట, ఇది చాలామందికి తెలియదు. 2017 జనవరి నుంచి ఆ జాతి చెక్కలన్నీ, వాటితో చేసిన గిటార్లు కూడా, అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలోకి వచ్చాయి. దాదాపు మూడేళ్ళ తర్వాత, 2019 నవంబరులో, పూర్తిగా తయారైన వాయిద్యాలకి మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కి మాత్రం ఆ మినహాయింపు లేదు, 1992 నుంచీ అది నిషేధాల జాబితాలోనే ఉంది. మీ తాతగారి కాలపు మార్టిన్ ఏదైనా చేతికొస్తే దేశం దాటించే ముందు కాగితాలు చూసుకోండి. పోగొట్టుకోవడానికి దొంగలే అక్కర్లేదు.

ఇంతకీ నా లెక్క. చీలిక వచ్చిన ఏడాది నాకు ప్రోగ్రామ్‌కి రూ.3,000 ఇచ్చేవాళ్ళు. రూ.1,40,000 అంటే 47 రాత్రులు. వినాయక చవితి పందిళ్ళ నుంచి దసరా దాకా సీజన్ బాగుంటే నాకు పాతిక ప్రోగ్రాములు పడేవి. అంటే ఆ గిటార్ పోతే రెండు సీజన్లు దానికోసమే వాయించాలి. అక్కడ ఒక గీత గీసుకున్నాను. ఒక్క సీజన్ సంపాదనతో మళ్ళీ కొనుక్కోగలిగిన గిటారే నాతో ఊళ్ళు తిరుగుతుంది. అంతకంటే తక్కువది కూడా వద్దు, ఏలూరు గుర్తుంది. అప్పట్లో ఆ లెక్కకి రూ.45,000 గిటార్ వచ్చింది. కీలు జారవు, పన్నెండో ఫ్రెట్ దగ్గర శ్రుతి నిలుస్తుంది, పికప్ బాగుంది. రోజూ ఇంట్లో సాధన కూడా దాని మీదే చేయడం మొదలుపెట్టాను. ఇక్కడే నేను చాలామందితో విభేదిస్తాను. ఇంట్లో ఒకటి, రోడ్డుకి ఒకటి పెట్టుకుంటే రోడ్డుది ఎప్పటికీ సవతి బిడ్డే. స్టేజీ మీద చెయ్యి మెడ వెడల్పు వెతుక్కుంటుంది. రోడ్డు మీదికి వెళ్ళేదాన్నే ఇంట్లోనూ వాయించాలి. పోతుందన్న భయం లేనంత చవక, పోతే బాధపడేంత మంచిది కావాలి.

ఈ మాట మా బేస్ గిటార్ తమ్ముడితో అంటే వాడు ఒప్పుకోలేదు. "మరి రికార్డింగ్‌కి మంచిది తీస్తావు కదన్నా, స్టేజీ జనం ఏం పాపం చేశారు?" అన్నాడు. వాడి మాటలో నిజం ఉంది. మైకు ముందు పెట్టి, నాలుగు వందల సీట్ల ఏసీ హాల్లో, ఇద్దరు గాయకులు ఒక గిటార్ మాత్రమే ఉండే కచేరీ అయితే ఆ గాంభీర్యం జనం దాకా వెళ్తుంది. అలాంటిది ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. అప్పుడు నా సూత్రం మూల పెట్టేస్తాను.

చీలిన గిటార్‌ని హైదరాబాద్‌లో బాగుచేసేవారి దగ్గరకి తీసుకెళ్ళాను. నెల రోజులు తన దగ్గర ఉంచుకుని, నెమ్మదిగా తేమ పట్టించి, చీలిక తనంతట తాను దగ్గరకి వచ్చాక జిగురు పెట్టి, లోపలి నుంచి అగ్గిపెట్టె లేబులంత చెక్క ముక్కలు వరసగా అంటించారు. మెడ పట్టుకుని ఒకసారి మీటి, "గొంతు పోలేదు బాబూ, రేటు పోయింది. అమ్మితే ఇప్పుడు యాభై వేలు కూడా రావు" అన్నారు.

బస్సులో ఒళ్ళో పెట్టుకుని వస్తూ సూర్యాపేట దాకా బాధపడ్డాను. సూర్యాపేటలో టీ తాగుతుంటే లెక్క గుర్తొచ్చింది. యాభై వేలు అంటే నా గీతకి లోపలే.

అప్పటి నుంచీ ఊళ్ళు తిరిగేది అదే. సన్మానం మొదలైతే స్టాండ్ మీద వదిలేసి కిందకి వెళ్ళి టీ తాగొస్తున్నాను. మొన్న భీమవరంలో ఎవరో కుర్రాడు దాన్ని మెళ్ళో వేసుకుని ఫొటో దిగుతుంటే, పట్టీ సరిచేసి తీగల మీద చెయ్యి ఎక్కడ పెట్టాలో చూపించాను.